వాట్సాప్ బిజినెస్: కొత్తవాడ దర్రీల దుకాణంలో ఏళ్ళ తరబడి వాడాక

మాది వరంగల్ కొత్తవాడలో దర్రీల దుకాణం. దర్రీలంటే నేల మీద పరుచుకునే నేత జంపఖానాలు. వ్యాపారాల కోసం వాట్సాప్ వాళ్ళే తెచ్చిన వేరే యాప్ వాట్సాప్ బిజినెస్, 2018లో వచ్చింది. వచ్చిన కొంతకాలానికే దుకాణం నంబర్‌ను అందులోకి మార్చాం, ఇప్పటికీ రోజంతా దాని మీదే పని. చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళు దీన్ని పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. తప్పకుండా పెట్టుకోండి, డబ్బులేం కట్టక్కర్లేదు. అయితే యాప్ ఉన్నంత మాత్రాన గిరాకీ రాదు. అందులో ఏం పంపుతున్నాం, ఎవరికి పంపుతున్నాం అన్నదే అసలు పని. మా దగ్గర గిరాకీ తెచ్చిన ప్రతి వీడియో, ప్రతి ఫొటో ఎవరో ఒక కస్టమర్ అడిగిన ప్రశ్నకు జవాబుగా పుట్టిందే.

"అన్నా, హాలు 12 బై 15 ఉంది, సోఫా పోను ఎంత సైజు పడ్తది?" "ఉతికితే రంగు పోతదా?" "ఇది మగ్గం మీద నేసిందేనా, మిషన్‌దా?" ఈ మూడూ రాని వారం ఉండదు. ఒక్కోదానికి ఒక్కో చిన్న వీడియో చేసి పెట్టాం. సైజు వీడియోలో 3 బై 5, 4 బై 6, 6 బై 9 అడుగుల దర్రీలు పక్కపక్కన పరిచి ఇంట్లోవాళ్ళం వాటి మీద కూర్చున్నాం. అడుగుల లెక్క అందరికీ కళ్ళ ముందు కనిపించదు, మనుషులు కూర్చుంటే ఇట్టే అర్థమవుతది. ఉతికే వీడియో మా అమ్మ చేసింది. మొదటిసారి వేరే బట్టలతో కలపొద్దు, చల్లనీళ్ళే వాడాలి, గట్టిగా పిండొద్దు, నీడలో ఆరేయాలి అని పని చేస్తూనే తన మాటల్లో చెప్పుకుంటూ పోయింది. మా అన్ని వీడియోల్లో ఎక్కువగా ఒకరి నుంచి ఒకరికి వెళ్ళింది అదే. కొన్నవాళ్ళు వాళ్ళ అక్కకో వదినెకో పంపుతారు, దానితోపాటు మా నంబర్ కూడా వెళ్తది.

మూడో వీడియో మీద నాకు ప్రేమ ఎక్కువ. పొద్దున గడప దగ్గర వెలుతురులో ఇంటర్‌లాక్ దర్రీ పరిచి, రంగు మారే గీత దగ్గరికి ఫోన్ తీసుకెళ్తాం. రెండు రంగుల పేక పోగులు (అడ్డంగా నేసే దారాలు) ఒకదాన్నొకటి చుట్టుకున్న చోటును వేలితో చూపించి, కెమెరా ఆపకుండానే దర్రీని తిప్పేస్తాం. వెనకవైపూ అదే పువ్వు, అదే రంగు. తర్వాత అచ్చు వేసినదాన్ని తిప్పితే వెనక వెలిసిపోయినట్టు ఉంటది. వరంగల్ దర్రీలకు 2018లోనే జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకు అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఆ సంగతి పోస్టర్ మీద రాస్తే జనం చూసి వదిలేస్తారు. ఈ వీడియో కింద రాస్తే మాత్రం "అంటే ఒరిజినల్ ఇట్లుంటదన్నమాట" అని తిరిగి మెసేజ్ పెడతారు. ధర గురించి బేరమాడే మాటలు కూడా ఆ తర్వాత తగ్గుతాయి, ఎందుకంటే నేతపని కళ్ళతో చూశారు కాబట్టి.

ఇక యాప్ సంగతి. అన్నిటికన్నా పనికొచ్చేది క్విక్ రిప్లై. స్లాష్ గుర్తు కొట్టి ఒక ముక్క టైప్ చేస్తే ముందే రాసిపెట్టుకున్న జవాబు వచ్చేస్తది, దానికి వీడియో కూడా జోడించుకోవచ్చు. అయితే అది మనం మాట్లాడినట్టే ఉండాలి. "గౌరవనీయ వినియోగదారులకు" అని మొదలుపెడితే బ్యాంకు మెసేజ్ అనుకుంటారు.

ఒక్కో కస్టమర్ చాట్‌కు తగిలించుకునే లేబుళ్ళు మా పాత ఖాతా పుస్తకం పనిని చాలావరకు చేస్తున్నాయి. అడిగారు, అడ్వాన్స్ ఇచ్చారు, పంపాలి, పంపేశాం అని నాలుగు పెట్టుకున్నాం, అంతకు మించి పెడితే ఎవరూ మెయింటెయిన్ చేయలేరు. "అడిగారు" లేబుల్‌లో ఉన్నవాళ్ళ ప్రశ్నలను ఆదివారం కూర్చుని చదువుతాం. తర్వాత వారం ఏం వీడియో తీయాలన్నది అక్కడే తేలుతది.

క్యాటలాగ్, అంటే యాప్‌లోనే మన సరుకు ఫొటోలు, ధరలు పెట్టుకునే చోటు, బాగుంటది కానీ దాన్ని చూసుకోవడం పని. ఒక్కో దర్రీకి 10 ఫొటోల దాకా పెట్టొచ్చు. మేము నాలుగు పెడతాం: మొత్తం, దగ్గరగా, వెనకవైపు, పక్కన మనిషి నిలబడి ఉన్నది. ధర రాయకుండా "ధర కోసం మెసేజ్ చేయండి" అని పెట్టే పద్ధతి నాకు నచ్చదు. అట్లా రాస్తే సగం మంది అడగడానికే మొహమాటపడి వెళ్ళిపోతారు. ఫొటోలు ట్యూబ్‌లైట్ కింద తీయొద్దు, మెరూన్ ఒక రంగులో, నీలం ఇంకో రంగులో పడతాయి. పంపేటప్పుడు హెచ్‌డీ అని నొక్కండి, లేకపోతే పోగులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి.

ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒక జాబితాలో 256 మందిని పెట్టొచ్చు, కానీ మన నంబర్ వాళ్ళ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతది. కాబట్టి ఎక్కడో దొరికిన నంబర్లన్నీ గుప్పించి లాభం లేదు. విసుగొచ్చినవాళ్ళు బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు, అట్లా ఎక్కువైతే మన నంబర్‌కే ముప్పు. మేము బిల్లు ఇచ్చేటప్పుడే "నంబర్ సేవ్ చేసుకోండి, ఉతికే పద్ధతి వీడియో పంపుతా" అంటాం. దాదాపు అందరూ అక్కడే సేవ్ చేసుకుంటారు, ఎందుకంటే ఆ వీడియో వాళ్ళకు కావాలి. కొత్త సరుకు వచ్చినప్పుడు చెప్పాలా అని కూడా అప్పుడే అడుగుతాం. వద్దన్నవాళ్ళను జాబితాలో పెట్టం. జాబితాలు కూడా వేరువేరు: ఇళ్ళవాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, గుళ్ళు, హైదరాబాద్ నుంచి తెప్పించుకునేవాళ్ళు. ఫంక్షన్ హాల్ ఆయనకు బాల్కనీలో పరుచుకునే చిన్న దర్రీ ఫొటో ఎందుకు?

ఎప్పుడు పంపాలన్నది మన ఊరి క్యాలెండరే చెప్తది. పత్తి, మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే నెలల్లో పల్లెల నుంచి అడిగేవాళ్ళు పెరుగుతారు. అప్పుడు గట్టిగా ఉండే పెద్ద సైజులు చూపిస్తాం. మూఢంలో పెళ్ళి సామాను గురించి పంపడం దండగ, అది ముగిసే ముందు పంపితే ముహూర్తాలకు ఆర్డర్లు వస్తాయి. రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతరకు చెట్టు కింద పరుచుకుని రాత్రి పడుకోవడానికి కుటుంబాలు చారల దర్రీలు అడుగుతాయి. జాతరకు నెల ముందే, ట్రాలీలో ఎన్ని పడతాయో చూపిస్తూ వీడియో పెడతాం.

పండగకు తమ ఫొటో వేసుకుని శుభాకాంక్షల పోస్టర్ పెట్టే దుకాణాలు మా బజారు నిండా ఉన్నాయి. పెట్టుకోవడంలో తప్పు లేదు. అయితే బతుకమ్మ నాడు ప్రతి ఫోన్‌కూ అలాంటివి యాభై వస్తాయి. మేము ఆ వారంలో పుట్టింటికి వచ్చే ఆడబిడ్డల కోసం ఎన్ని పరుపులు, ఎన్ని దర్రీలు తీసి ఎండకు వేసుకోవాలి, పురుగు పట్టకుండా ఎట్లా మడతపెట్టాలి అన్నది పెడతాం. పోస్టర్‌కు దండం బొమ్మ ఒక్కటే తిరిగి వస్తది. దీనికి ప్రశ్నలొస్తాయి.

లోపాలూ ఉన్నాయి. స్టేటస్ 24 గంటలకే పోతది, కాబట్టి అదే వీడియోను మళ్ళీ పెట్టడానికి సంకోచించొద్దు. లెక్కల పేజీలో ఎన్ని వెళ్ళాయి, ఎన్ని చదివారు అని కనిపిస్తది గానీ ఎవరు కొన్నారన్నది తెలియదు. అందుకే గల్లా దగ్గర నోట్‌బుక్ పెట్టి, వచ్చినవాళ్ళను "ఏం చూసి వచ్చారు?" అని అడిగి ఒక ముక్క రాసుకుంటాం. మెసేజ్ పెట్టినవాళ్ళకు యాప్ తనంతట తానే పంపే గ్రీటింగ్ మెసేజ్ కొత్తవాళ్ళకే కాదు, 14 రోజులు మాట లేని పాతవాళ్ళకూ వెళ్తది. "మా దుకాణానికి స్వాగతం" అని పెడితే ఏళ్ళనాటి కస్టమర్ చిన్నబుచ్చుకుంటాడు, ఇద్దరికీ సరిపోయేలా రాయండి. వేలమందికి పంపాల్సిన వ్యాపారానికి ఈ యాప్ చాలదు, దానికి డబ్బు కట్టి వాడే ఏపీఐ, అంటే పెద్ద వ్యాపారాలు తమ కంప్యూటర్ వ్యవస్థను వాట్సాప్‌కు జోడించుకునే ఏర్పాటు, వేరే ఉంది. మా గల్లీలో దుకాణాలకు ఆ అవసరం రాదు.

చివరగా, దుకాణం నంబర్‌ను ఇంటి నంబర్‌తో కలపొద్దు. రెండు సిమ్‌లుంటే ఒకే ఫోన్‌లో రెండు వాట్సాప్‌లూ నడుస్తాయి, ఇంకో నాలుగు పరికరాలు జోడించుకోవచ్చు కాబట్టి గల్లా మీద కంప్యూటర్‌లోనూ తెరుచుకోవచ్చు. మన నంబర్‌తో వేరేవాళ్ళు వాట్సాప్ తెరవకుండా ఆరంకెల పిన్ అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ ఈ రోజే పెట్టండి. రాత్రిపూట బ్యాకప్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో అది గూగుల్ ఖాతాలోని 15 జీబీలోకే వెళ్తది, వీడియోలతో తొందరగా నిండుతది. నెలకోసారి పాత వీడియోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోన్‌లోంచి తీసేయండి.