ఇంటి నుంచి లాగిన్ మేలా, లైబ్రరీలో కుర్చీ మేలా?

2020 మార్చిలో హాస్టల్ ఖాళీ చేయమన్నప్పుడు నా బ్యాగులో రెండు లైబ్రరీ పుస్తకాలున్నాయి. పది రోజుల్లో తిరిగి ఇచ్చేస్తాం కదా అనుకున్నా. నెలల తరబడి అవి మా ఇంట్లో బియ్యం డబ్బా మీదే ఉండిపోయాయి. ఫైన్ ఎంత పడుతుందోనని నాకు ఒకటే టెన్షన్. చివరికి ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు పీజీలో చేరిన పిల్లలు, "అన్నీ ఫోన్‌లోనే దొరుకుతుంటే లైబ్రరీకి వెళ్లడం ఎందుకక్కా?" అని అడుగుతుంటారు. ఏం చదవాలో చెప్పండి, అప్పుడు చెప్తా అంటాను.

పరిశోధన వ్యాసాలు వచ్చే జర్నల్స్ అయితే ఇల్లే మేలు. మొదట్లో అదీ కుదరలేదనుకోండి. లైబ్రరీ చందా కట్టిన జర్నళ్లు క్యాంపస్ ఇంటర్నెట్ అడ్రస్‌ను గుర్తుపట్టి తెరుచుకుంటాయి. ఊరికెళ్లి ఫోన్ డేటాతో తెరిస్తే మనం ఎవరో వాటికి తెలియదు, డబ్బు కట్టమంటాయి. హాస్టల్లో అరక్షణంలో వచ్చే వ్యాసం ఇంట్లో ఎందుకు రావట్లేదో లాక్‌డౌన్ పెట్టేదాకా మాలో చాలామందికి తెలియనే తెలియదు. దీనికి యూనివర్సిటీల లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ అనే దారి ఉంది. అందులో చేరిన సంస్థ విద్యార్థి తన సంస్థ పేరు ఎంచుకుని, లైబ్రరీ ఇచ్చిన ఐడీతో ఎక్కడి నుంచైనా లాగిన్ కావచ్చు. ఆ ఐడీ అడిగి తీసుకోవాలి, చాలామంది అడగరు. ఇక శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లోని పీహెచ్‌డీ గ్రంథాలకు లాగిన్ కూడా అక్కర్లేదు.

2025 జనవరి నుంచి కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మొదలుపెట్టింది. 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ దాదాపు 13,000 ఒకే చందా కిందికి వచ్చాయి. కాకపోతే అది ప్రభుత్వ సంస్థలకే. విజయవాడ, గుంటూరు చుట్టూ ఉన్న ప్రైవేటు కాలేజీల పిల్లలు అంతమందీ బయటే ఉండిపోయారు.

తెలుగు పుస్తకం దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాలు నెట్‌లో చాలానే ఉన్నాయి. కానీ మధ్యలో పేజీలు ఉండవు, ఉన్నవి వంకరగా ఉంటాయి, మాట కొట్టి వెతికితే ఏమీ రాదు. ఐదంగుళాల తెర మీద కృష్ణా డెల్టా కాలువల మ్యాపు చూడటానికి నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే నవ్వుతారు. పైగా లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. తమ్ముడి ఆన్‌లైన్ క్లాసు అయ్యాకే నా పీడీఎఫ్. ఇలాంటి చదువుకు గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయమో, బెజవాడ ఠాగూర్ గ్రంథాలయమో దిక్కు. బస్సు చార్జీలు, ఒక పూట పోతాయి. పోనీయండి.

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని స్టడీ హాళ్లను కూడా కొందరు లైబ్రరీ అనే అంటారు. ఏసీ, వైఫై, చార్జింగ్ పాయింటు, నిశ్శబ్దం ఉంటాయి. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లకు బాగుంటుంది. పుస్తకం మాత్రం మనమే తెచ్చుకోవాలి.

నన్నడిగితే వీటన్నిటికంటే మేలైనది మధ్యలో కొన్ని నెలలు నడిచి ఆగిపోయింది. క్యాంపస్ విడతలవారీగా తెరిచినప్పుడు మా లైబ్రరీలో రీడింగ్ హాలు మూసే ఉంచారు, కౌంటర్ మాత్రం తెరిచారు. పుస్తకం పేరు, అది ఏ ర్యాకులో ఉందో చెప్పే కాల్ నంబరు వాట్సాప్‌లో పంపితే తీసి గేటు దగ్గర పెట్టేవారు. కరోనా భయంతో, తిరిగి ఇచ్చినవాటిని మూడు రోజులు విడిగా ఉంచి గానీ ర్యాకుల్లోకి చేర్చేవారు కాదు. ఆ శుభ్రత సంగతి వదిలేయండి, ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లకు ఎంత మేలో చూడండి. పుస్తకం ఉందో లేదో ముందే తెలిసేది. వట్టి చేతులతో వెనక్కి వెళ్లే పనే లేదు.

మాది కొల్లూరు వైపు. 1935లో అక్కడి కాలువ మీద పడవలో గ్రంథాలయం తిరిగింది. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు దాన్ని పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య నడిపించారు. ఒడ్డున నిలబడితే పుస్తకం వచ్చేది. ఆ ఊళ్లవాళ్లం ఇప్పుడు పుస్తకం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పూట ఖర్చుపెడుతున్నాం.

రీడింగ్ హాల్లో కుర్చీలు మళ్లీ వేశాక ఆ వాట్సాప్ నంబరు పలకడం మానేసింది. ఈ మధ్య కౌంటర్ దగ్గర అడిగాను, "సార్, మెసేజ్ పెడితే ఇదివరకటిలా తీసి ఉంచుతారా?" అని.

"ఇప్పుడు మీరే రావచ్చు కదమ్మా" అన్నారాయన. అప్పటికే నేను వెతుకుతున్న పుస్తకం ఎవరో తీసుకెళ్లారు.