నెల్లూరు శివారులోని గుర్రపుశాల: ఒక ఉద్యోగి అనుభవం

బ్యాంకు పనిలో రాత్రి 7 గంటల వరకు గడిచిపోయే నాకు, పెన్నా ఒడ్డుకు దగ్గరలోని ఈ గుర్రపుశాల లేకపోతే నా ఆడగుర్రాన్ని అమ్ముకోవలసి వచ్చేది. నెల రుసుము నా జీతంలో దాదాపు నాలుగో వంతు; 6 నుంచి 8 వారాలకొకసారి గిట్టలు చెక్కించడం, లాడాలు, టీకాలు అదనం. మేత విషయంలో వీరి శ్రద్ధ మెచ్చదగినది. గుర్రం కడుపు చిన్నది కనుక అది రోజంతా కొద్దికొద్దిగా మేయాలి. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుమేత కావాలి. మన జిల్లాలో సులువుగా దొరికే వరిగడ్డితోనే సరిపెట్టకుండా, పచ్చగడ్డి కలిపి నాలుగు పూటలుగా వేస్తారు, నానబెట్టిన ఉలవలు మితంగా పెడతారు. మే నెల వడగాడ్పుల్లో ఒకరోజు నీళ్ల తొట్టి ఖాళీగా కనబడి మనసు చివుక్కుమంది. చెప్పిన మరునాడే రెండో తొట్టి కట్టించారు.