క్యారవాన్ స్టీరింగ్ రిపేరుకి ఇస్తున్నారా? పాత కింగ్‌పిన్ చేతికొచ్చాకే డబ్బులివ్వండి

బెంగళూరులో పాత క్యారవాన్లు నడుపుతున్న మనవాళ్లు కాస్త జాగ్రత్త. మాది టాటా 407 మీద కట్టిన పాత బండి, ముందు లీఫ్ స్ప్రింగులు, రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలకీ కలిపి ఒకటే ఇరుసు). హైవే మీద పక్కనుంచి లారీ దూసుకెళ్తే చాలు, బండి అటు లాగేసేది, స్టీరింగ్ మధ్యలో ఖాళీగా తిరిగేది. కింగ్‌పిన్ కిట్ (ముందు చక్రం అటూ ఇటూ మళ్లేందుకు ఆధారమైన పిన్ను, దాని బుష్‌లు), టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాలు రెంటినీ కలిపే రాడ్ చివరి కీళ్లు) కొత్తవి వేయమని శివార్లలో ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. అడగకపోయినా స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ వణుకు తగ్గించే షాక్ అబ్జార్బర్ లాంటిది) ఒకటి అంటగట్టి, మొత్తం 40 వేల పైచిలుకు బిల్లు వేశారు.

సిటీలో బాగానే ఉంది, లూజు పోయింది. తీరా కృష్ణగిరి వైపు వెళ్తుంటే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు, చేత్తో లాక్కురావాలి, వెనక పిల్లలు పడుకుని ఉన్నారు, ఇక నా టెన్షన్ మీరే ఊహించుకోండి.

హోసూరులో ఒక పెద్దాయన జాకీ వేసి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంది. నన్ను బ్రేకు తొక్కి పట్టమన్నాడు, అయినా ఆ లూజు పోలేదు. బ్రేకు తొక్కితే పోయుంటే బేరింగు, పోకపోతే కింగ్‌పిన్ అట. టై రాడ్ ఎండ్ రబ్బరు బూటు పగిలే ఉంది, పగుళ్ల మీదే నల్ల పెయింటు కొట్టేశారు. నట్టు మీద స్క్రూడ్రైవర్‌తో గోకితే కింద తుప్పు, నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ కూడా పాతదే! మరి లూజు ఎలా పోయిందంటే, స్టీరింగ్ బాక్సు స్క్రూ అతిగా బిగించేశారు. దాంతో లూజు కనబడదు గానీ స్టీరింగ్ పట్టేస్తుంది, బాక్సు కూడా అరిగిపోతుంది. డ్యాంపర్ వణుకు తగ్గిస్తుందేమో, అరిగిన పిన్నుని ఏం బాగుచేస్తుంది?

కింగ్‌పిన్ లూజుగా ఉండగా అలైన్‌మెంట్ చేయించడం బూడిదలో పోసిన పన్నీరే. ముందు పిన్నులు, బుష్‌లు వేయించి, ఆ తర్వాతే టో, క్యాస్టర్ (అలైన్‌మెంట్‌లో చూసే చక్రాల కోణాలు) చూపించుకోండి. నీళ్ల ట్యాంకు వెనక చక్రాలకి అవతల ఉన్నవాళ్లు దాన్ని నిండా నింపి, వేబ్రిడ్జి మీద ముందు యాక్సిల్ బరువు విడిగా తూయించండి, 200 లీటర్లంటే 200 కిలోలు, ముందు భాగం తేలిపోతే ఎన్ని పార్టులు మార్చినా బండి నిలకడగా పోదు.

ఫోటోలు, బిల్లు పెట్టుకుని కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇలాగే మోసపోయినవాళ్లు ఆ పెయింటు కడిగేయకముందే ఫోటోలు తీసుకోండి.