బ్రస్సెల్స్‌లో కాంగో రుంబా: అసలు ఆట అర్ధరాత్రి దాటాకే

గిటార్ల మీద నడిచే నాట్యసంగీతం రుంబా. అది వాయించే కాంగో బ్యాండ్‌ను ఎదురుగా చూడాలనుంటే, కాంగో రాజధాని కిన్షాసా దాకా వెళ్లలేనివాళ్లు బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ వెళ్లొచ్చు. ఆ పాటకు ఈ ఊరితో పాత బంధమే ఉంది. 1960 జనవరిలో, బెల్జియం పాలన నుంచి కాంగో స్వాతంత్ర్యం మీద ఇక్కడ చర్చలు జరిగినప్పుడు నాయకుల వెంట గ్రాండ్ కాలే 'ఆఫ్రికన్ జాజ్' బృందం కూడా వచ్చింది. 'ఎండెపాండాన్స్ (స్వాతంత్ర్యం) చా చా' పాట పుట్టింది అప్పుడే, ఇక్కడే.

మా మకాం ఊళ్లోని ఇక్సెల్ అనే పేటలో, పోర్ట్ ద నామ్యూర్ మెట్రో దగ్గర. కిన్షాసాలోని ఒక పేట పేరే పెట్టుకున్న మతోంగే వీధులు అక్కడికి రెండు అడుగులు. మిడి స్టేషన్ వైపు గదులు చవకే కానీ, అర్ధరాత్రి దాటాక ఆ చుట్టుపక్కల నడవాలంటే టెన్షన్. మా హోటల్లో లిఫ్ట్ లేదు, టిఫిన్ అంతంతమాత్రం. అయినా మళ్లీ అక్కడే దిగుతాను. విమానం టికెట్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: ‘బ్రస్సెల్స్ సౌత్’ అని అమ్మే షార్లెరువా విమానాశ్రయం ఊరికి చాలా దూరం. ప్రధాన విమానాశ్రయం జవెంటెమ్‌లో దిగితే రైల్లో 20 నిమిషాల్లో ఊళ్లో ఉంటారు.

భోజనం మతోంగేలోనే. నిప్పుల మీద కాల్చిన మేకమాంసం, వేయించిన అరటి, పక్కన పిలి-పిలి కారం. మన నాలుకకు ఏ ఇబ్బందీ లేదు. పొందు అనే కర్రపెండలం ఆకు కూర చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది కానీ, అందులో తరచుగా చేపలు వేస్తారు. అడిగి తినండి.

ఇక కచేరీ. టికెట్ మీద తొమ్మిది అని ఉన్నా, గిటార్లు శ్రుతి చేసేసరికే పదకొండు దాటింది. అక్కడివాళ్లెవరికీ చింత లేదు, ఇస్త్రీ నలగని సూట్లలో తీరిగ్గా వస్తూనే ఉన్నారు. మొదట నెమ్మదిగా రుంబా, జంటలు నిదానంగా ఊగుతుంటాయి. తర్వాత గొంతులు ఆగి గిటార్లు అందుకుంటాయి. అదే సెబెన్. చిన్న చిన్న గిటార్ వరసలు ఒకదాన్నొకటి అల్లుకుంటూ తిరుగుతుంటే, అతలాకు అనే కేకలవాడు మైకులో హుషారెక్కిస్తాడు. ఇక హాల్లో నిలకడగా నిలబడ్డవాడు లేడు.

నిమ్మపండు రంగు సూటులో ఒక పెద్దాయన వేదికెక్కి, నోటు తీసి గాయకుడి నుదుటికి అంటించాడు. చెమటకు అది అక్కడే అతుక్కుంది. అంతే, తర్వాతి చరణంలో ఆయన పేరు! మన పెళ్లిళ్లలో చదివింపులు మైకులో చదివినట్టే, కాకపోతే తాళం తప్పకుండా.

సౌండ్ మాత్రం బాగాలేదు. స్పీకర్ల ముందు గిటార్లన్నీ ముద్దగా కలిసిపోయాయి. వెనక మిక్సర్ బల్ల దగ్గరికి జరిగాకే విడివిడిగా వినిపించాయి. మీరైతే తిన్నగా అక్కడికే వెళ్లండి. మెట్రో అర్ధరాత్రికి కట్టేస్తుంది కాబట్టి, దూరంగా దిగినవాళ్లకు టాక్సీ ఖర్చు తప్పదు. శుక్ర, శనివారాల్లో అయితే రాత్రి బస్సులున్నాయి.

మర్నాడు ఊరి శివార్లలో తెర్వూరెన్‌లోని ఆఫ్రికా మ్యూజియం చూడదగ్గదే. కాంగోను బెల్జియం ఎలా ఏలిందో తెలియకుండా ఈ సంగీతం సగమే అర్థమవుతుంది. సోమవారం సెలవు కాబట్టి శనివారం కచేరీ, ఆదివారం మ్యూజియం పెట్టుకోండి. పొద్దున్నే లేవడం మాత్రం కుదరదు లెండి.