7వ తరగతి ట్యూషన్, వరంగల్ పోచమ్మమైదాన్ దిక్కు: లెక్కల సారు మస్తు, మిగితాది మీరే జూస్కోండ్రి

జూన్ల జాయిన్ చేసిన, మొన్ననే బడిల ఎస్ఏ-1 (మొదటి టర్మ్) పరీక్షలు ఒడిసినయ్, అంటె ఒక టర్మ్ మొత్తం జూసినంకనే రాస్తున్న. పేరు పెడ్తలేను, గల్లీల ఉన్నోళ్ళకు ఎట్లైనా తెలుస్తది. నేను ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి (కమీషన్) దుకాణంల గుమస్తాను, పొద్దుగాల పోతె రాత్రిదాక కాంటాలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు), రైతులతోని లొల్లి, ఇంటికచ్చినంక పోరన్ని కూసోబెట్టుకోని చదువు చెప్పే ఓపిక ఉంటలేదు. మా ఇంటామెకు కుట్టు మిషన్ పని. అందుకె ట్యూషన్.

ఫీజు అన్ని సబ్జెక్టులకు నెలకు 1,500, ఒక్క లెక్కలకైతె 700. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర. పైన రేకుల రూము, పిల్లలు ముప్పై మందిదాక, ఫ్యాన్లు రెండే, వాటిల ఒకటి తిరుగుతున్నట్టు నటిస్తది.

ముందుగాల లెక్కల సారు గురించి చెప్పాలె. మావోడు పూర్ణసంఖ్యల కాడ మైనస్ ఇంటు మైనస్ ప్లస్ అని ఊకె బట్టీ కొడ్తుండె, ఎందుకురా అంటె "రూల్ డాడీ" అంటుండె. సారు ఏం జేసిండంటె కిరాణకొట్టు ఖాతా బుక్కు తీస్కొచ్చిండట, 200 అప్పు అంటె మైనస్ 200, గసుంటి అప్పులు మూడు కొట్టేసిన్రనుకో, నీ చేతిల 600 మిగిలినట్టా కాదా అని అడిగిండట. గంతే, మళ్ళ మర్చిపోలె.

ఇగ అసలు ముచ్చట బారువడ్డీ. ఒక ఆదివారం నేనే అడిగిన, బిడ్డా 50 వేలు తెచ్చిన, నూటికి రెండ్రూపాల మిత్తి, తొమ్మిది నెలలైంది, ఎంతైతదిరా అని. టకటక పీటీఆర్ బై హండ్రెడ్ (అసలు, కాలం, వడ్డీ రేటు గుణించి నూరుతోని భాగించుడు) ఏసిండు, ఆర్ కాడ 2 పెట్టిండు, టీ కాడ తొమ్మిది బై పన్నెండు పెట్టిండు, 750 రూపాలు డాడీ అన్నడు. అరే 750 అయితె నేను రోజు నిద్ర పోదునురా అన్న. పోరనిది తప్పు గాదు, ఫార్ములా కరెక్టే ఏసిండు, గని పుస్తకంల వడ్డీ ఎప్పుడు ఏడాదికి శాతం అని ఉంటది, మన దగ్గర మిత్తి అంటె నెలకు. తెల్లారి ట్యూషన్ల సారును అడిగిండట, సారు ఆ పూట మొత్తం గదే చెప్పిండు, నెలకు రెండ్రూపాలంటె ఏడాదికి 24 శాతం అని, 50 వేలకు తొమ్మిది నెలలకు 9 వేలు అని. ఇంటికచ్చి నోట్‌బుక్ చూపెట్టి "డాడీ మనం 24 శాతం కడ్తున్నమా, బ్యాంకుల ఎంతుంటది" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేకుండె, అన్నం తినుపో అన్న.

గిప్పుడు మా దుకాణంకొస్తె మూడు బస్తాల మిర్చి 126 కిలోలు, క్వింటాల్ 13,500 అని చెప్తె కాయితం లేకుంటనే 17,010 అంటడు. మా సేటు గూడ పరేషాన్ అయిండు. ఆ సారుకు అయిదుకు అయిదు, అండ్ల మాట లేదు.

సైన్స్ మేడం మంచిదే, గొంతు గట్టిది, గని బోర్డు దాటి బయటికి రాదు. ఆసిడ్లు బేసుల పాఠం రెండు రోజులల్ల చెప్పేసిండ్రు. నీలి లిట్మస్ ఎర్రగైతది ఎర్ర లిట్మస్ నీలిగైతది, పదిసార్లు రాసుకరమ్మన్నరు, లిట్మస్ కాయితం మాత్రం ఒక్కటి గూడ చూపెట్టలె. నేర్సుకున్నది ఏడనంటె మా బాత్‌రూముల. అంగీ మీద పప్పు పడ్డది, పసుపు మరక, వాళ్ళమ్మ సబ్బు రుద్దంగనే మరక ఎర్రగైంది, పోరడు ఉరుక్కుంట వచ్చి "మమ్మీ గిది ఇండికేటరే" అని ఒర్రిండు. మరక మీద నిమ్మకాయ పిండితె మళ్ళ పసుపుపచ్చగైంది. పసుపుల సున్నం కలిపితె కుంకుమ ఎట్ల ఎర్రగైతదో నేను చిన్నప్పటి సంది జూస్తున్న, గిది గదే అని నాకు గూడ అప్పుడే ఎలిగింది. మేడం, అయిదు రూపాల పసుపు తెస్తె అయిపోతుండె గదా?

సోషల్‌కైతె నాకు కోపమే ఉన్నది. పుస్తకంల ఒక పేజీ ఇంగ్లీష్ ఒక పేజీ తెలుగు ఉంటది, ఆ తెలుగు పేజీ తిప్పేటోళ్ళే లేరు. చెరువులు, భూగర్భ జలాల పాఠం బిట్లు కొట్టిచ్చిన్రు, సర్‌ప్లస్ వియర్ అంటె ఏంది, స్లూయిస్ అంటె ఏంది, అన్ని నోటికి చెప్తడు. వానలు గట్టిగ పడ్డప్పుడు నర్సంపేట దిక్కు మా అత్తగారి ఊరికి పోయినం, వాళ్ళ తాత "మత్తడి దుంకుతుంది, సూద్దాం రారా మనుమడా" అంటె మత్తడి అంటె ఏంది తాతా అన్నడు. కట్ట మీదికి పోయి, నిండిన చెరువుల ఎక్కువైన నీళ్ళు బయటికి దుంకే మత్తడి జూసినంక, నా చెవుల మెల్లగ "డాడీ సర్‌ప్లస్ వియర్ గిదేనా" అని అడిగిండు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. తూము, అంటె ఆ స్లూయిస్, గూడ వాళ్ళ తాతనే చూపెట్టిండు.

కాకతీయుల పాఠం గూడ గంతే. వెయ్యి స్తంభాల గుడి 1163, రామప్ప 1213, యునెస్కో 2021, నిద్రల లేపి అడిగినా చెప్తడు. రామప్ప గుడి దగ్గరున్న చెరువు గూడ అప్పటిదే బిడ్డా, పాకాల, లక్నవరం గూడ వాళ్ళ కాలంలనే కట్టిన్రు అంటె "అది బిట్లల్ల లేదు డాడీ" అన్నడు. ఓరుగల్లు కోట మా ఇంటికాడికెళ్ళి బండి మీద చిటికెల పోవచ్చు, కీర్తితోరణం బొమ్మ జిరాక్సుల నల్లగ కనిపిస్తది, అండ్ల చూసి నేర్సుకుంటున్నడు పోరడు.

హిందీ ఫర్వాలేదు, మన వరంగల్ల గల్లీల ఉర్దూ ఇనీ ఇనీ పిల్లలకు మాట వస్తది, కా కీ కాడ తప్పులు పోతయ్. ఇంగ్లీష్ గ్రామర్ వర్క్‌షీట్లు ఇస్తరు, బాగనే ఉన్నయ్. తెలుగు మాత్రం చెప్పనే చెప్పరు, "ఇంట్ల మాట్లాడేదే గదా" అంటరు. తీరా ఎస్ఏ-1ల అన్నిటికంటె తక్కువ మార్కులు తెలుగులనే వచ్చినయ్, సవర్ణదీర్ఘ సంధి కాడ ఆగమైండు. సెప్టెంబర్ 9 నాడు భాషా దినోత్సవం అని స్కూల్ల కాళోజీ గురించి స్టేజీ ఎక్కి మాట్లాడిండు, అండ్ల సగం నేను రాసిచ్చిందే, అది వేరే ముచ్చట.

మొత్తం మీద అయిదుకు మూడు ఇస్త, అండ్ల రెండున్నర లెక్కల సారుయే. వచ్చే నెల సంది ఒక్క లెక్కలకే పంపుత, మిగితాయి వాళ్ళమ్మా నేనూ ఎట్లనో ఒకట్ల సూస్కుంటం.

ఇంకోటి, దసరా సెలవులు 13 రోజులు ట్యూషన్ బంద్ పెట్టిన్రు గని నెల ఫీజు మొత్తం తీస్కున్నరు. మావోడు ఓనర్ సారు ముందట్నే నిలబడి "నెలకు 1,500 అంటె రోజుకు 50, పదమూడు రోజులకు 650 వాపస్ రావాలె సార్" అని లెక్క చెప్పిండు. సారు నవ్వి మావోని భుజం తట్టిండు, రూపాయి మాత్రం తగ్గియ్యలె.