వానలో వాకెన్ మెటల్ పండుగ: ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి

వాకెన్ ఓపెన్ ఎయిర్‌కి ఎలా వెళ్లాలని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: కారు వద్దు, రైల్లో వెళ్లండి. వాకెన్ ఉత్తర జర్మనీలో సుమారు 2,000 మంది ఉండే పల్లె. 1990 నుంచి ఈ హెవీ మెటల్ సంగీత పండుగ అక్కడి పొలాల్లోనే జరుగుతోంది. వాన పట్టుకుంటే ఆ నేల ఏమవుతుందో 2023 ఆగస్టులో కళ్లారా చూశాను.

ముందు కార్లను ఆపేశారు. తర్వాత ప్రవేశమే పూర్తిగా మూసేశారు. 85,000 మంది రావాల్సిన చోట ఆసారి దాదాపు 61,000 మందిమే ఉన్నాం. రానివాళ్ల టికెట్ డబ్బులు వెనక్కి ఇస్తామన్నారు గానీ, ఏడాదంతా ఎదురుచూసి దారిలోంచే వెనుదిరిగినవాళ్ల బాధ డబ్బుతో తీరేది కాదు.

మేం హాంబర్గ్ నుంచి వాకెన్ దగ్గరి పట్టణం ఇట్సెహో దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో ముందుగానే చేరిపోయాం. మా పక్కన క్యాంపర్ వ్యాన్ ఒకటి ఇరుసు దాకా దిగబడింది. ట్రాక్టర్ వచ్చి తాడు కట్టి లాగుతుంటే చక్రాల కింద నుంచి నల్లటి బురద ఎగజిమ్మింది. ఆ ట్రాక్టర్లు నడిపే రైతులు లేకపోతే ఎవరూ కదిలేవాళ్లు కాదు, వాళ్లకు దండం పెట్టాలి.

బస టికెట్‌లోనే కలిసి ఉంటుంది, టెంట్ మనమే తెచ్చుకోవాలి. పల్లంలో వేయకండి, కాస్త నడక ఎక్కువైనా మెరక వెతుక్కోండి. అడుగున మందపాటి పట్టా పరిచి, దాని అంచులు టెంట్ బయటికి రాకుండా లోపలికి మడవండి. బయటికొస్తే పైనుంచి జారిన నీళ్లన్నీ పడక కిందికే చేరతాయి. ఇట్సెహోలో గది తీసుకుంటే ఒళ్లు పొడిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదే మంచిది. కానీ అర్ధరాత్రి దాకా పక్క టెంట్లవాళ్లతో కూర్చుని బ్యాండ్ల గురించి మాట్లాడుకోవడం మాత్రం పోతుంది. నాకు ఆ కబుర్లే ముఖ్యం.

మోకాలి దాకా వచ్చే గమ్ బూట్లు తప్పనిసరి. మామూలు షూ బురదలోనే ఉండిపోయి కాలు ఒక్కటే పైకొస్తుంది. గొడుగు వద్దు, వెనకవాళ్లకు స్టేజీ కనిపించదు. రెయిన్‌కోట్ చాలు. సాక్సులు మాత్రం రెండింతలు సర్దుకుని ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి పెట్టండి.

మరుగుదొడ్ల దగ్గరికి నడకే పెద్ద పని. గడ్డి పరిచిన దారిలోనే వెళ్లండి, దూరమైనా సరే. అడ్డదారి పడితే కాలు పీక్కోవడానికే సగం సేపు పడుతుంది.

ఇక గురువారం రాత్రి బ్రిటిష్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ కచేరీ. గిటార్లు మొదలవగానే తడి బట్టలు, చలి ఏవీ గుర్తులేవు. వీల్‌చైర్ బురదలో ఇరుక్కున్న ఒకాయన్ని నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తుకుని ముందుకు తీసుకెళ్లారు. ఎవరూ విసుక్కోలేదు, పక్కకు జరిగి దారిచ్చారు. ఇలాంటి జనం మధ్య వాన పడినా పాట వినాలనిపిస్తుంది. మళ్లీ టికెట్ దొరికితే వాతావరణ సూచన చూడకుండానే కొంటాను.