పాత షేపర్ కొంటున్నారా? ముందు క్లాపర్ పట్టుకుని ఊపండి

షేపర్ అంటే ముందుకీ వెనక్కీ ఆడే టూలుతో లోహాన్ని చెక్కి చదును చేసే మిషన్. సెకండ్ హ్యాండ్ షేపర్ చూడ్డానికి వెళ్లినవాళ్లు చేసే పని దాదాపు ఒకటే. మోటారు ఆన్ చేయించి రామ్ (టూలును మోస్తూ ముందుకీ వెనక్కీ జరిగే బరువైన భాగం) ఎలా ఆడుతోందో చూస్తారు, దాన్ని ఆడించే పెద్ద చక్రం బుల్ గేర్ పళ్లు తడుముతారు, టేబుల్ మీద డ్రిల్లు దిగిన గుంటలు చూపించి బేరం మొదలుపెడతారు. అవన్నీ చూడాల్సినవే. కానీ కొన్నేళ్లుగా మా ఇంటి వెనక షెడ్డులో 18 అంగుళాల షేపర్ వాడుతున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను, ఆ మిషన్ మంచీ చెడ్డా తేలేది టూలును పట్టుకునే క్లాపర్ దగ్గర. అరచేతిలో ఇమిడే ఆ ముక్క సరిగ్గా కూర్చుంటే షేపర్ అంత ముచ్చటైన మిషన్ ఇంకోటి లేదు. అది వదులైతే మిగతా ఇనుమంతా ఎంత బాగున్నా దండగే.

నాది పంజాబ్‌లోని బటాలా ఊరి రకం, మెట్లమెట్లుగా ఉండే కోన్ పుల్లీ మీద బెల్టు జరిపి స్పీడు మార్చేది. విజయవాడ ఆటోనగర్‌లో మూతపడ్డ ఒక జాబ్ వర్క్ షాపులో దొరికింది. వీఎంసీలు (కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ మిషన్లు) వచ్చాక షేపర్లను అడిగేవాళ్లు తగ్గిపోయారు, తుక్కు ధరకు కాస్త పైన ఇస్తే ఇచ్చేస్తున్నారు. పాలిటెక్నిక్‌లో క్విక్ రిటర్న్ (రామ్ వెళ్లినదానికన్నా వేగంగా తిరిగొచ్చే ఏర్పాటు) బొమ్మ గీసి, గుండ్రటి కడ్డీని చదరం చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు మనలో బోలెడుమంది. అందుకని అది ఎలా నడుస్తుందో మళ్లీ చెప్పను.

ఇంటికి తేవడం, కడగడం మామూలే. హైడ్రా క్రేనుతో దించి, ఇనప పైపుల మీద దొర్లించి షెడ్డులోకి తోశాం. తర్వాత కిరోసిన్, వైరు బ్రష్షు, ఎమరీ పేపరు. నూనె రంధ్రాల్లో ఎవరో ఏళ్ల తరబడి గ్రీజు కొట్టారు. అది ఇనప రజనుతో కలిసి గడ్డకట్టి, రామ్ జారే దారులకు నూనె చుక్క అందకుండా చేసింది. సన్న తీగతో అన్నీ పొడిచి తెరిచి 68 నంబరు నూనె పోశాక రామ్ చేత్తో తోస్తే కదిలేంత తేలికైంది. మోటారు 2 హెచ్‌పీ త్రీ ఫేజ్, మా ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజ్. 415 వోల్టులకు స్టార్‌లో కట్టి, మూడు వైర్లే బయటికి తీశారు. వైండింగ్ షాపులో లోపలి స్టార్ పాయింటు విప్పించి, ఆరు కొసలూ బయటికి తీయించి, తక్కువ వోల్టేజీకి సరిపడేలా డెల్టా చేయించాను. ఇప్పుడు సింగిల్ ఫేజ్ వీఎఫ్‌డీ (ఇంటి కరెంటును త్రీ ఫేజ్‌గా మార్చి, మోటారు స్పీడునూ మార్చే పెట్టె) మీద హాయిగా తిరుగుతోంది, బెల్టు ముట్టుకోకుండానే స్పీడు మార్చుకోవచ్చు.

ఇక క్లాపర్ సంగతి. ముందుకెళ్లేటప్పుడు టూలు మీద పడే బరువుకి క్లాపర్ వెనక్కి ఆనుకుని గట్టిగా నిలబడుతుంది. తిరిగొచ్చేటప్పుడు పిన్ను మీద కాస్త పైకి లేచి, కోసిన చోటును టూలు గీరకుండా దాటిస్తుంది. జాబు (కోస్తున్న ముక్క) దాటగానే టక్కున పడి మళ్లీ తన చోట ఆనుతుంది. ఒక పిన్ను, దాని సొంత బరువు, అంతే. సెన్సరు లేదు, స్ప్రింగు కూడా లేదు. నూట ఎనభై ఏళ్ల పైబడ్డ మిషన్‌లో ఇంత తెలివైన ఏర్పాటు చూస్తుంటే, దాన్ని మొదట ఆలోచించినవాళ్ల మీద నిజంగా గౌరవం కలుగుతుంది.

మొదట్లో మైల్డ్ స్టీలు పనులు బాగానే వచ్చాయి. తంటా పోత ఇనుముతో మొదలైంది. మా ఊళ్లో ఒక పాత పిండిమర బేరింగు బ్లాకు అడుగు చదును చేయాల్సి వచ్చింది. ఫీడు ఒకటే, లోతు ఒకటే, కానీ గీతలు మాత్రం ఒకటి లోతుగా, పక్కది పైపైన. గోరు అడ్డంగా లాగితే ఆగి ఆగి తగులుతోంది. దాంతోపాటు కోత మధ్యలో ఒక చిన్న చప్పుడు.

రామ్ జిబ్ (జారే దారిలో వదులు తీసే పట్టీ) బిగించాను, మార్పు లేదు. డయల్ గేజి పెట్టి రామ్‌ను పక్కకి తోసి చూశాను, ముల్లు కదిలింది లేదు. టూల్ హెడ్ స్లైడు జిబ్ చూశాను, టేబుల్ కింద ఆసరా బిగించాను. రామ్‌ను ఊపే రాకర్ ఆర్మ్‌లో తిరిగే బ్లాకు అరిగిందేమో అనుకుంటే, ఆ మోత స్ట్రోకు చివర రామ్ దిశ మారేటప్పుడు రావాలి. ఇదేమో సరిగ్గా టూలు జాబును తాకిన క్షణంలో, మళ్లీ జాబును వదిలిన క్షణంలో వస్తోంది.

చివరికి ఆటోనగర్‌లో షేపర్ల మీదే జీవితం గడిపిన ఒక పెద్దాయన్ని పిలిచాను. ఆయన వచ్చి రామ్ వంక చూడనే లేదు.

"రామ్ జోలికి పోకు అబ్బాయ్, ఆయిల్ క్యాను ఇటివ్వు" అన్నారు. క్లాపర్‌కి రెండు పక్కలా, అది కూర్చునే బాక్సు చెంపలకీ దానికీ మధ్యనున్న సన్న సందులో నూనె చుక్కలు పెట్టారు. స్పీడు బాగా తగ్గించి కోత పెట్టమన్నారు. "కన్ను ఆ సందు మీదే ఉంచు."

టూలు జాబును కొరకగానే ఎడమ సందులో నూనె గీత ఉబ్బి చిన్న బొట్టుగా బయటికొచ్చింది, కుడి సందులోది లోపలికి పోయింది. టూలు జాబును దాటగానే అటుది ఇటు, ఇటుది అటు. నూనెలో సన్న బుడగలు కూడా కనిపించాయి.

"ఊపిరి తీస్తోంది చూశావా?"

"చూశాను బాబాయ్."

"ఇది ఊపిరి తీయకూడదు. పిన్ను కొట్టు."

పిన్ను బయటికొచ్చాక నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. అక్కడ ఉండాల్సింది ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నబడే టేపర్ పిన్ను. వచ్చింది తల కోసేసిన మామూలు బోల్టు ముక్క, ఒక కొసన మరలు కూడా అలాగే ఉన్నాయి. ఆ మరలు ఏళ్ల తరబడి రాపిడి పెట్టి రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెచ్చాయి. టేపర్ పిన్నుకు పెద్ద ఖర్చేం లేదు. అది మార్చే ఓపిక లేక ఎవరో బోల్టు కొట్టేసి, ఆ తర్వాత "షేపర్‌కి ఫినిషింగ్ రాదండీ, మిల్లింగే చేయించుకోండి" అని జనానికి చెబుతూ వచ్చి ఉంటారు. ఆ మాట నేను చాలామంది నోట విన్నాను. తప్పు మిషన్‌ది కాదు.

బాగు చేసిన తీరు కాస్త వివరంగా చెబుతాను, చాలా పాత షేపర్లకు ఇదే జబ్బు ఉంటుంది కనుక. రంధ్రం ఒక్కటే కాదు, బాక్సు చెంపలు కూడా లోపలి వైపు అరిగాయి. ఫీలర్ గేజి పెడితే పైన పిన్ను దగ్గర బిగువు, కింద టూలు దగ్గర వదులు. పాత క్లాపర్ పక్కలకు వెల్డింగు పోయించమని కొందరు సలహా ఇచ్చారు. పోత ఇనుము మీద నాకది ఇష్టం లేదు. ముందు చెంపల్ని ఆకురాయితో, స్క్రేపరుతో సమానం చేసి, వాటి మధ్య దూరానికి సరిపోయేలా కొత్త క్లాపర్ చేద్దామనుకున్నాం. స్టీలుతోనూ చేయొచ్చు, కానీ బ్లూ (ఎక్కడ తాకుతోందో చూపే నీలి రంగు) పూసి స్క్రేప్ చేసి కూర్చోబెట్టడానికి పోత ఇనుమే సుళువు. ఆటోనగర్‌లో ఇంకా నడుస్తున్న ఒక షేపర్ మీద ఆ ముక్కను 0.05 మి.మీ. ఎక్కువ ఉంచి తీయించాను.

మిగతాదంతా చేతి పని. బ్లూ పూయడం, లోపలికి తోయడం, తీసి చూడ్డం, బ్లూ అంటిన చోట స్క్రేపరుతో సన్నగా గీకడం. పక్కలతో పాటు వెనక ఆనే ముఖం కూడా ముఖ్యం. అది నాలుగు మూలలా తాకకపోతే పక్క ఊపు పోయినా టూలు ముందుకీ వెనక్కీ వంగుతుంది. ముక్క కూర్చున్నాక బాక్సునూ క్లాపర్‌నూ కలిపి బిగించి, రెండింటికీ ఒకేసారి చేత్తో 1:50 టేపర్ రీమరు (రంధ్రాన్ని నునుపుగా పెద్దది చేసే టూలు) వేశాం, అంటే 50 మి.మీ. పొడవుకు 1 మి.మీ. వ్యాసం తేడా. పాత గుడ్డు ఆకారం పూర్తిగా పోయేదాకా పెద్దది చేయాల్సి రావడంతో ఆ సైజు పిన్ను రెడీమేడ్‌గా దొరకలేదు. లేత్ మీద కాంపౌండు స్లైడును అర డిగ్రీకి కాస్త ఎక్కువ తిప్పి సొంతంగా తీసుకున్నాను. పిన్ను కొట్టడంలోనే అసలు నేర్పంతా ఉంది. తడితే వదులు తగ్గుతుంది, ఒక్క దెబ్బ ఎక్కువైతే క్లాపర్ బిగుసుకుంటుంది. పెద్దాయన చెప్పిన కొలత ఇది: క్లాపర్‌ను వేలితో ఎత్తి వదిలితే దానంతటది పడి ఆనాలి, పట్టుకుని పక్కలకు ఊపితే చేతికి ఏమీ తెలియకూడదు.

తర్వాత అదే పిండిమర బ్లాకును మళ్లీ ఎక్కించి, వెడల్పు ముక్కు టూలుతో పైపై కోత పెట్టాను. నల్లటి రజను టేబుల్ మీద పడుతోంది, వెనక బూడిద రంగు ముఖం ఒకే తీరుగా పరుచుకుంటూ వస్తోంది. స్కేలు పెట్టి లైటు వైపు చూస్తే సందు లేదు. ఆ రోజు నుంచి ఈ మిషన్ మీద నాకు మనసు మారలేదు.

అయినా కొన్ని మాటలు సవరించుకోవాలి. సెన్సరు లేదు, స్ప్రింగు లేదు అని పొగిడానుగా, పోత ఇనుము కోసేటప్పుడు ఆ రజను క్లాపర్ వెనక చేరితే అది పూర్తిగా ఆనదు, టూలు నిలిచే చోటే మారిపోతుంది. మధ్యమధ్య ఆపి బ్రష్షుతో తుడవాల్సిందే. నిలువు కోతల్లో క్లాపర్ బాక్సు పై భాగాన్ని కోసే ముఖానికి దూరంగా వాల్చకపోతే, టూలు లేచేటప్పుడు పక్కకు తప్పుకోదు, జాబునే గీరుతుంది.

ఇంకా పెద్ద మాట. నేను ఈ మిషన్‌తో ఎక్కువగా చేసేది పుల్లీల్లో, స్ప్రాకెట్లలో లోపలి కీవేలు, అంటే అవి షాఫ్టు మీద జారకుండా పట్టే కీ కోసం కోసే గాడులు. 35 మి.మీ. షాఫ్టుకు 10 మి.మీ. వెడల్పు కీ, పుల్లీలో 3.3 మి.మీ. లోతు. మోటారు పంపులకీ చాఫ్ కట్టర్లకీ ఇలాంటివే అడుగుతారు. చదరపు హెచ్‌ఎస్‌ఎస్ (గట్టి టూలు స్టీలు) ముక్కను గ్రైండరు మీద వెడల్పుకు సరిగ్గా పదును పెట్టుకుంటే చాలు, గాడి కోసే పళ్ల కడ్డీ, బ్రోచి, కొనక్కర్లేదు. కానీ లోపలి కీవే కోసేటప్పుడు క్లాపర్‌ను లేవనివ్వకూడదు. రంధ్రంలోపల టూలు లేస్తే పైగోడకు కొడుతుంది. దాన్ని బోల్టుతో లాక్ చేసి, తిరుగు స్ట్రోకులో టూలు రాసుకుంటూ వస్తుందని తెలిసే, కోత తక్కువ పెట్టి నడపాలి. అంటే నేనింత పొగిడిన ఏర్పాటు, నా రోజువారీ పనిలో చాలాసార్లు లాక్ అయ్యే ఉంటుంది. క్విక్ రిటర్న్ లాభమూ అంతే. స్ట్రోకు పొడవుగా ఉన్నప్పుడే తిరుగు ప్రయాణం వేగం బాగా తెలుస్తుంది. పొట్టి కీవేల్లో రాకపోకలు దాదాపు సమానం. వీఎఫ్‌డీ కూడా అనుకున్నంత వెసులుబాటు ఇవ్వలేదు. స్పీడు మరీ తగ్గిస్తే బరువైన కోతకు మోటారు మొరాయిస్తోంది, వేడెక్కుతోంది. అలాంటప్పుడు బెల్టే మారుస్తున్నాను.

కొనొచ్చా అంటే, నాకు వెనక ఖాళీ జాగా ఉంది, గట్టి కాంక్రీటు నేల ఉంది, రామ్ వెనక్కి వచ్చేంత దూరం వదిలి గోడ ఉంది, చప్పుడుకు గొడవపడే పొరుగు లేదు. రేపు సాయంత్రంలోగా కావాలని ఎవరూ కూర్చోరు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నాకు నచ్చింది, మళ్లీ దొరికినా కొంటాను. గంటకింత అని జాబ్ వర్క్ చేసి బతకాలనుకునేవాళ్లకు పాత మిల్లింగ్ మిషనే చూసుకోమంటాను. డాబా మీదో, అపార్టుమెంటు సెల్లారులోనో పెడదామనుకునేవాళ్లకు ఈ సైజు అసలు వద్దు, 12 అంగుళాలది చూడండి, దానికి కూడా కింద నేల గట్టిదై ఉండాలి. నా మిషన్‌కి టేబుల్ ఎత్తే స్క్రూ నట్టు ఇంకా అరిగే ఉంది. గన్‌మెటల్ ముక్క తెచ్చి పెట్టుకున్నాను, పంట పనుల పుల్లీలు తగ్గాక దాని సంగతి చూడాలి.